పాయింట్లా, ఎలక్ట్రానిక్ కిట్టా, కొత్త డిస్ట్రిబ్యూటరా: పాత కారు ఇగ్నిషన్‌కి ఏది పెట్టాలి?

పాత కారు ఉన్న ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. పొద్దున ఎంత సెల్ఫ్ కొట్టినా ఇంజిన్ అందుకోదు, లేదా బాగానే నడుస్తూ వేడెక్కాక మిస్సింగ్ మొదలుపెడుతుంది. ఎవరినైనా అడిగితే వెంటనే వచ్చే మాట, "ఆ పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ పెట్టించు, ఇంక టెన్షన్ ఉండదు" అని. ఆ సలహా తప్పు కాదు, చాలా కార్లకి మంచిదే. కానీ డిస్ట్రిబ్యూటర్ ఏ స్థితిలో ఉంది, కారు ఎలా వాడతారు, దారిలో ఆగిపోతే మీరు ఏం చేయగలరు అన్నవి అడగకుండా ఇచ్చే సలహా అది. కొత్తవాళ్ల కోసం ఒక మాట: కాయిల్ బ్యాటరీ వోల్టేజీని స్పార్క్‌కి కావాల్సినంత పెంచుతుంది, డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ ఆ స్పార్క్‌ని పైనున్న క్యాప్ గుండా ఒక్కో సిలిండర్‌కి పంచుతుంది, పాయింట్లంటే అదే డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటుని కట్ చేసే చిన్న స్విచ్.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇప్పుడున్న సిస్టమ్‌లో లోపం ఎక్కడుందో పట్టుకునేదాకా ఏ కిట్టూ కొనకండి. ఎలక్ట్రానిక్ కిట్ మార్చేది పాయింట్లనీ కండెన్సర్‌నీ మాత్రమే. క్యాప్, రోటర్, కాయిల్, ప్లగ్ వైర్లు, ప్లగ్‌లు, అడ్వాన్స్ వెయిట్లు (ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ని ముందుకి జరిపేవి), స్విచ్ నుంచి కాయిల్‌కి వచ్చే కరెంటు వైరు, అన్నీ పాతవే మిగులుతాయి. లోపం వాటిలో ఉంటే డబ్బు ఖర్చయ్యాక కూడా కారు అలాగే సతాయిస్తుంది. కిట్ పెట్టగానే బండి మారిపోయిందని చెప్పేవాళ్లలో చాలామంది అదే రోజు ప్లగ్‌లు, వైర్లు, క్యాప్ కూడా కొత్తవి వేసి, టైమింగ్ (స్పార్క్ రావాల్సిన క్షణం) కూడా సరిచేయించి ఉంటారు. మార్పు దేనివల్ల వచ్చిందో చెప్పడం కష్టం.

ముందు లోపం ఎక్కడో చూడండి

మల్టీమీటర్ ఒకటి ఉంటే చాలు. స్పార్క్ రావడం లేదనుకుందాం. ఇగ్నిషన్ ఆన్ చేసి, మీటర్ నల్ల వైరు ఇంజిన్ బ్లాక్‌కి పెట్టి, ఎర్ర వైరుతో కాయిల్‌కి డిస్ట్రిబ్యూటర్ వైపున్న టెర్మినల్ మీద వోల్టేజీ చూడండి. ఇప్పుడు ఇంజిన్‌ని చేత్తో మెల్లగా తిప్పుతూ పాయింట్లు తెరుచుకున్నప్పుడు ఎంత, మూసుకున్నప్పుడు ఎంత అన్నది గమనించండి. (ఇది నెగటివ్ ఎర్త్ కార్ల లెక్క, అంటే బ్యాటరీ నెగటివ్‌ని బాడీకి కలిపినవి; పాజిటివ్‌ని బాడీకి కలిపిన పాజిటివ్ ఎర్త్ బండి అయితే మీటర్ వైర్లు తారుమారు చేసుకోండి.) తెరుచుకున్నప్పుడు బ్యాటరీ వోల్టేజీ దాదాపు మొత్తం రావాలి, మూసుకున్నప్పుడు సున్నాకి దగ్గరగా, 0.2 లేదా 0.3 వోల్ట్‌ల లోపుకి పడిపోవాలి. ఈ ఒక్క పరీక్షలోనే సగం జబ్బులు బయటపడతాయి.

పాయింట్లు మూసుకున్నా 12 వోల్ట్‌లే చూపిస్తుంటే కరెంటు ఎర్త్‌కి వెళ్లడం లేదన్నమాట. పాయింట్ల ముఖాల మీద ఆక్సైడ్ పొర పట్టిందేమో చూడండి, నెలల తరబడి కదలని కార్లలో ఇది మామూలే. శుభ్రమైన గట్టి కాగితం ముక్కని పాయింట్ల మధ్య పెట్టి రెండు మూడు సార్లు లాగితే పోతుంది. అప్పటికీ అలాగే ఉంటే డిస్ట్రిబ్యూటర్ లోపలున్న చిన్న ఎర్త్ వైరు చూడండి. పాయింట్లు బిగించిన ప్లేట్‌ని డిస్ట్రిబ్యూటర్ బాడీకి కలిపే వైరు అది, గుడ్డ తొడుగు వేసిన సన్నటి అల్లిక తీగ. వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పుతో స్పార్క్‌ని ముందుకి జరిపే భాగం) పనిచేసినప్పుడల్లా ఆ ప్లేట్ కాస్త అటూ ఇటూ తిరుగుతుంది, దానితోపాటు ఈ తీగ వంగుతూ వంగుతూ ఏళ్లకి లోపల తెగిపోతుంది. పైన తొడుగు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. చూపుకి బాగున్నదాన్ని ఎవరూ అనుమానించరు, అందుకే దీన్ని వేళ్లతో మెల్లగా లాగి చూడాలి. తెగితే రబ్బరులా సాగుతుంది.

దీనికి తిరగేసి, పాయింట్లు తెరుచుకున్నా సున్నానే చూపిస్తుంటే ఎక్కడో షార్ట్ అయింది. కండెన్సర్ వైరు విడదీసి మళ్లీ చూడండి, వోల్టేజీ వచ్చేస్తే కండెన్సర్ పోయినట్టు. రాకపోతే పాయింట్ల టెర్మినల్ దగ్గరున్న ఇన్సులేషన్ వాషర్ చూడండి. కొత్త పాయింట్లు వేసిన రోజే కారు స్టార్ట్ కాకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఆ వాషర్ అటుదిటు పెట్టడమే.

కాయిల్‌కి రెండో టెర్మినల్ మీద అసలు కరెంటే లేకపోతే గొడవ డిస్ట్రిబ్యూటర్‌ది కాదు, స్విచ్‌దో, వైరుదో, బాలాస్ట్ రెసిస్టర్‌దో (కొన్ని కార్లలో కాయిల్‌కి వెళ్లే కరెంటుని తగ్గించేది). ఇక్కడ ఏ కిట్ కొన్నా వృథా.

వేడెక్కాక ఆగిపోయే కార్ల దగ్గర పెట్రోల్‌ని అనుమానించే అలవాటు ఎక్కువ. టాకోమీటర్ ఉంటే దాన్ని చూడండి. బండి ఇంకా గేర్‌లోనే దొర్లుతుండగా ముల్లు ఉన్నట్టుండి సున్నాకి పడిపోతే అది కరెంటు వైపు లోపం. ముల్లు ఇంజిన్‌తోపాటు తడబడుతూ దిగితే పెట్రోల్ వైపు చూడండి. కార్బ్యురేటర్ జబ్బుల్లో ఎక్కువ భాగం డిస్ట్రిబ్యూటర్‌లోనే దొరుకుతాయని పాత మెకానిక్‌లు అనేది ఉత్తమాట కాదు, చల్లారాక మళ్లీ మామూలుగా నడిచే బండిలో మొదట అనుమానించాల్సింది కండెన్సర్‌నీ కాయిల్‌నీ.

పాయింట్లు ఎవరికి సరిపోతాయి

ఛార్లెస్ కెటరింగ్ తయారుచేసిన బ్యాటరీ ఇగ్నిషన్ 1910 మోడల్ కాడిలాక్‌లో వచ్చింది. ఆ తర్వాత అరవై ఏళ్లకి పైగా ప్రపంచంలో చాలా కార్లు ఇదే పద్ధతిలో నడిచాయి. అమెరికాలో క్రైస్లర్ 1973కి, జనరల్ మోటార్స్ 1975కి తమ కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌ని మామూలు పరికరంగా చేసేశాయి. అంతకాలం నడిచిన వస్తువుని నమ్మలేనిది అనడం అన్యాయం. పాయింట్లకి కావాల్సింది శ్రద్ధ, అది ఇవ్వగలిగితే అవి మోసం చేయవు.

పని తీరు తెలిస్తే శ్రద్ధ ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. పాయింట్లు మూసుకున్నంతసేపూ కాయిల్ ప్రైమరీలో కరెంటు పెరుగుతూ అయస్కాంత క్షేత్రం నిండుతుంది, తెరుచుకోగానే అది కూలిపోయి ప్రైమరీలోనే రెండు మూడు వందల వోల్ట్‌లు, సెకండరీలో 20,000 వోల్ట్‌ల పైన పుడుతుంది. తెరుచుకునే క్షణంలో ఆ కరెంటు పాయింట్ల మధ్య మంటలా దూకకుండా పట్టుకునేది కండెన్సర్, మామూలుగా 0.2 మైక్రోఫారడ్‌కి కాస్త అటూ ఇటూ. అది బలహీనపడితే పాయింట్లు నల్లగా, నీలంగా కాలిపోతాయి, స్పార్క్ పసుపుగా నీరసంగా వస్తుంది. ఒక పాయింట్ మీద గుంట, ఎదురు పాయింట్ మీద బొడిపె ఏర్పడుతున్నా కండెన్సర్ సరిపోవడం లేదనే అర్థం.

ఇక అరుగుదల. పాయింట్ల చేతికి ఉండే రాపిడి ముక్క క్యామ్ మీద రాసుకుని కొద్దికొద్దిగా అరుగుతుంది, గ్యాప్ తగ్గుతుంది, డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) పెరుగుతుంది, టైమింగ్ వెనక్కి జారుతుంది. డ్వెల్ ఒక డిగ్రీ మారితే క్రాంక్ దగ్గర టైమింగ్ కూడా దాదాపు ఒక డిగ్రీ మారుతుంది. అందుకే ఎప్పుడైనా ముందు గ్యాప్, తర్వాతే టైమింగ్. తారుమారుగా చేస్తే పని మళ్లీ మొదటికొస్తుంది. గ్యాప్ చాలా కార్లలో 0.4 మి.మీ. దగ్గర ఉంటుంది, మీ కారు మాన్యువల్ ఏం చెబితే అదే ఖాయం. ఫీలర్ గేజ్ కన్నా డ్వెల్ మీటర్ నమ్మకమైనది, ఎందుకంటే వాడిన పాయింట్ మీద బొడిపె ఉంటే గేజ్ తప్పు చెబుతుంది. క్యామ్ మీద పలచగా గ్రీజు, రోటర్ కింద ఫెల్ట్ ముక్క ఉంటే దాని మీద రెండు చుక్కల ఆయిల్, అంతకు మించి వద్దు. ఎక్కువైన నూనె పాయింట్ల మీదకి చేరి కాలుతుంది.

పాయింట్లలో నాకు నచ్చే గుణం, అవి చెప్పి పోతాయి. ముందు స్టార్టింగ్ కాస్త కష్టమవుతుంది, తర్వాత పికప్ తగ్గుతుంది, తర్వాత మిస్సింగ్. కారు పూర్తిగా ఆగేలోపు మీకు టైం ఇస్తాయి. ఆగినా ఒక స్క్రూడ్రైవర్, ఒక ఫీలర్ గేజ్‌తో రోడ్డు పక్కనే మళ్లీ నడిపించుకోవచ్చు. కారు ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలనుకునేవాళ్లకి, తరచూ బానెట్ ఎత్తి చూసే ఓపిక ఉన్నవాళ్లకి, తక్కువ దూరాలు నడిపేవాళ్లకి పాయింట్లే చాలు. కాకపోతే మంచి పాయింట్లు, మంచి కండెన్సర్ దొరకాలి. ఇప్పుడొచ్చే నాసిరకం కండెన్సర్లు వేడికి తట్టుకోక పోతున్నాయి, నిజం చెప్పాలంటే చాలామంది ఎలక్ట్రానిక్ వైపు వెళ్లడానికి అసలు కారణం పాయింట్లు కాదు, ఈ కండెన్సర్లే. పాతది పనిచేస్తుంటే కొత్తది వేసేశాక దాన్ని పారేయకండి.

డిస్ట్రిబ్యూటర్ లోపల పట్టే మాడ్యూల్

పెర్‌ట్రానిక్స్ ఇగ్నైటర్ లాంటివి ఈ రకం. పాయింట్ల స్థానంలో ఒక సెన్సర్ మాడ్యూల్, రోటర్ కింద షాఫ్ట్ మీద అయస్కాంతాలున్న రింగ్. షాఫ్ట్ తిరిగినప్పుడు అయస్కాంతం సెన్సర్ ముందు నుంచి వెళ్తుంది, మాడ్యూల్ కాయిల్‌ని కట్ చేస్తుంది. ల్యుమెనిషన్ వాళ్ల పాత కిట్లు ఇదే పని కాంతితో చేస్తాయి. రాసుకునేది ఏమీ లేదు కాబట్టి అరగదు, డ్వెల్ మారదు, ఒకసారి పెట్టిన టైమింగ్ అలాగే నిలబడుతుంది. డిస్ట్రిబ్యూటర్ ఆరోగ్యంగా ఉండి, కారుని తరచుగా, దూరాలకి నడిపేవాళ్లకి నేను చెప్పేది ఇదే. బయటికి కనిపించదు, కావాలంటే అరగంటలో మళ్లీ పాయింట్లకి మారిపోవచ్చు.

దీని బలహీనతలు కూడా తెలుసుకోవాలి. పోయేటప్పుడు ఏ సూచనా లేకుండా పోతుంది, రోడ్డు పక్కన బాగుచేయడానికి వీలుండదు. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేస్తే మామూలు రకం మాడ్యూల్ వేడెక్కి కాలిపోతుంది, రేడియో వినడానికి తాళం తిప్పి కూర్చునే అలవాటున్నవాళ్లు జాగ్రత్త. రెండు వైర్లు తారుమారైతే ఆ క్షణమే పోతుంది. పాజిటివ్ ఎర్త్ కారుకి పాజిటివ్ ఎర్త్ కిట్టే కొనాలి, 1960ల మధ్య దాకా వచ్చిన బ్రిటిష్ కార్లు చాలావరకు అవే, మధ్యలో ఎవరైనా మార్చారేమో కూడా బ్యాటరీ దగ్గర చూసుకోండి. బాలాస్ట్ ఉన్న కారులో మాడ్యూల్ ఎర్ర వైరుని కాయిల్ మీద కాకుండా రెసిస్టర్‌కి ముందు, పూర్తి 12 వోల్ట్‌లు వచ్చే చోట కలపాలి. చాలామంది కాయిల్ మీదే కలిపేస్తారు, అప్పుడు సెల్ఫ్ కొట్టేటప్పుడు స్టార్టయి, తర్వాత విచిత్రంగా మిస్ అవుతుంది, కిట్ మంచిది కాదని పేరు పడుతుంది. రింగ్ వేశాక రోటర్ పూర్తిగా కిందికి దిగిందా, క్యాప్‌ని తాకుతోందా అన్నది కూడా చేత్తో తిప్పి చూడాలి. ఇందాక చెప్పిన ఎర్త్ వైరు ఈ మాడ్యూల్‌కీ అంతే ముఖ్యం.

కొత్త డిస్ట్రిబ్యూటర్ ఎప్పుడు

క్యాప్ తీసి, రోటర్ షాఫ్ట్‌ని పట్టుకుని పక్కకి ఊపి చూడండి. స్పష్టంగా ఊగితే బుష్‌లు అరిగాయి. అలాంటి డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల గ్యాప్ ఒక్కో సిలిండర్‌కి ఒక్కోలా ఉంటుంది, ఎంత సెట్ చేసినా నిలవదు. మాడ్యూల్ పెడితే కాస్త మెరుగవుతుంది తప్ప జబ్బు పోదు. తర్వాత రోటర్‌ని తిరిగే దిశలో కొంచెం తిప్పి వదలండి, స్ప్రింగ్‌లు దాన్ని చటుక్కున వెనక్కి లాగాలి. లాగకపోతే అడ్వాన్స్ వెయిట్లు బిగుసుకున్నాయి. వాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీల్చి నాలుక అడ్డుపెట్టండి, పట్టు నిలవకపోతే డయాఫ్రమ్ చిరిగింది. షాఫ్ట్ ఊగుతున్నా, మిగతా రెండూ పాడైనా మాడ్యూల్ మీద డబ్బు పెట్టొద్దు. అసలు డిస్ట్రిబ్యూటర్‌ని తెలిసినవాళ్ల చేత బుష్‌లు మార్పించడమో, పూర్తిగా కొత్తది వేయడమో చేయాలి.

కొత్తవాటిలో 123ఇగ్నిషన్ లాంటివి వెయిట్లు, స్ప్రింగ్‌లు లేకుండా అడ్వాన్స్‌ని ఎలక్ట్రానిక్స్‌తోనే నడుపుతాయి, కొన్నిట్లో కర్వ్ (ఏ వేగానికి ఎంత అడ్వాన్స్ అన్న లెక్క) మనమే ఎంచుకోవచ్చు. ఇంజిన్‌లో కంప్రెషన్, క్యామ్‌షాఫ్ట్ మారి ఫ్యాక్టరీ కర్వ్ ఇక సరిపోని బండికి ఇది నిజంగా ఉపయోగపడుతుంది. మామూలు ఇంజిన్‌కి దీని ధర సమర్థించుకోవడం కష్టం, పాతదాన్ని బాగుచేయించడమే నయం. పాతది మాత్రం అమ్మేయకండి, కారుతోపాటు వచ్చింది అది.

సీడీఐ (కెపాసిటర్ డిశ్చార్జ్ ఇగ్నిషన్) గురించి రెండు ముక్కలు. కెపాసిటర్‌ని వందల వోల్ట్‌లకి నింపి కాయిల్‌లోకి ఒక్కసారిగా వదిలే పద్ధతి ఇది, పోర్షె 911లో 1969 మోడల్ నుంచి వచ్చింది. మసి పట్టిన ప్లగ్‌ని కూడా వెలిగిస్తుంది, ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో బలం తగ్గదు. కానీ స్పార్క్ ఉండేది చాలా తక్కువ సేపు, అందుకే ఎమ్‌ఎస్‌డీ పెట్టెల్లాంటివి 3,000 ఆర్‌పీఎమ్ లోపు ఒకే స్ట్రోక్‌కి పలుమార్లు స్పార్క్ ఇస్తాయి. రేసు బండికి సరే. వారాంతంలో నడిపే నాలుగు సిలిండర్ల కారుకి అవసరం లేదు, పైగా ప్రైమరీ కరెంటు చూసి పనిచేసే పాత టాకోమీటర్లు దీనితో సాధారణంగా నడవవు.

కాయిల్ విషయంలో తొందరపడొద్దు

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. డబ్బా మీద "స్పోర్ట్స్", "40,000 వోల్ట్‌లు" అని చూసి కొనేస్తారు. స్పార్క్ ప్లగ్ గ్యాప్ దూకడానికి ఎంత వోల్టేజీ కావాలో అంత వరకే కాయిల్ ఎక్కుతుంది, దూకాక అక్కడే ఆగుతుంది. డబ్బా మీద అంకె మీ ఇంజిన్‌లో ఎప్పుడూ పుట్టదు. చూడాల్సింది ప్రైమరీ రెసిస్టెన్స్. బాలాస్ట్ లేని 12 వోల్ట్‌ల కాయిల్ దాదాపు 3 ఓమ్‌లు, బాలాస్ట్‌తో వాడేది దాదాపు 1.5 ఓమ్‌లు. 3 ఓమ్‌ల కాయిల్ 4 ఆంపియర్లు లాగుతుంది, పాయింట్లు దాన్ని హాయిగా మోస్తాయి. 1.5 ఓమ్‌ల కాయిల్‌ని రెసిస్టర్ లేకుండా కలిపితే కరెంటు దానికి రెట్టింపు, పాయింట్లు కొద్ది రోజుల్లో కాలిపోతాయి, కొన్ని మాడ్యూళ్లు ఇంకా ముందే. అలాగే 3 ఓమ్‌ల కాయిల్‌ని రెసిస్టర్ ఉన్న వైరింగ్‌లో పెడితే స్పార్క్ నీరసిస్తుంది. కొన్ని కార్లలో ఆ రెసిస్టర్ పెట్టెలా కాకుండా వైరు రూపంలో హార్నెస్ లోపలే ఉంటుంది, కంటికి కనపడదు. పాయింట్లు మూసి ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు కాయిల్‌కి స్విచ్ వైపున్న టెర్మినల్ దగ్గర 6 నుంచి 8 వోల్ట్‌లే ఉంటే ఎక్కడో బాలాస్ట్ ఉందని అర్థం.

కాయిల్ ధ్రువాలు తిరగేసినా ఇంజిన్ నడుస్తుంది, అందుకే ఏళ్ల తరబడి ఎవరూ గమనించరు. కానీ ప్లగ్ మధ్య ఎలక్ట్రోడ్ నెగటివ్‌గా ఉంటేనే స్పార్క్ సులువుగా దూకుతుంది, ఎందుకంటే వేడిగా ఉండేది అదే. తిరగేసి ఉంటే ఎక్కువ లోడ్ మీద మిస్ అవుతుంది.

వైర్లు, ప్లగ్‌లు, రోటర్

పాయింట్లు ఉన్న కారుకి రాగి తీగ వైర్లు, రెసిస్టర్ క్యాప్‌లతో చక్కగా పనిచేస్తాయి, దశాబ్దాలు వస్తాయి. ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెడితే మాత్రం కార్బన్ లేదా సర్పిలంగా చుట్టిన సప్రెషన్ వైర్లు వాడండి, రెసిస్టెన్స్ లేని రాగి వైర్లు పుట్టించే విద్యుత్ గోల మాడ్యూల్‌ని గందరగోళపెడుతుంది. చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా నీళ్లు సన్నగా స్ప్రే చేసి చూడండి. లీకయ్యే వైరు నీలంగా మెరుస్తుంది. చేత్తో మాత్రం తాకొద్దు.

ప్లగ్‌ల దగ్గర ఇరిడియం గురించి అడుగుతారు. ఎక్కువ కాలం మన్నుతుంది, నిజమే, కానీ రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువై) నడిచే పాత కార్బ్యురేటర్ ఇంజిన్‌లో అరగడం కన్నా ముందు మసి పడుతుంది. మామూలు ప్లగ్‌లే తీసుకుని తరచుగా తీసి రంగు చూడండి. లేత గోధుమ రంగు సరైనది, పొడి నల్ల మసి అంటే రిచ్, తెల్లబడితే లీన్ (పెట్రోల్ తక్కువ) లేదా టైమింగ్ ముందుకి ఉంది. హీట్ రేంజ్‌లో (ప్లగ్ ఎంత వేడిగా ఉంటుందో చెప్పే అంకె) ఒక ఉచ్చు ఉంది: ఎన్‌జీకే, డెన్సోలలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిది, బాష్, ఛాంపియన్‌లలో పెరిగేకొద్దీ వేడిది. బ్రాండ్ మార్చేటప్పుడు అంకె చూసి కాదు, సరిపోలే పట్టిక చూసి కొనండి.

రోటర్ చిన్న వస్తువు, చవకది, అందుకే ఎవరూ పట్టించుకోరు. పైనున్న ఇత్తడి పట్టీని రివెట్‌తో బిగించిన నాసి రోటర్లలో కరెంటు ఆ రివెట్ గుండా ప్లాస్టిక్‌ని చీల్చుకుని కింద షాఫ్ట్‌లోకి దిగిపోతుంది. పైకి ఏమీ కనపడదు, బండి మాత్రం దారి మధ్యలో చచ్చిపోతుంది. కొత్త రోటర్ వేశాక మొదలైన జబ్బు అయితే ముందు పాతది తిరిగి వేసి చూడండి.

మరి మీరు ఏది ఎంచుకోవాలి

డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ గట్టిగా ఉండి, మీకు పని మీద ఇష్టం ఉంటే పాయింట్లతోనే ఉండండి. షాఫ్ట్ గట్టిగా ఉండి, బానెట్ ఎత్తడం ఇష్టం లేక దూరాలు తిరిగే అలవాటుంటే మాడ్యూల్. వీ8 ఇంజిన్‌ని గట్టిగా నడిపేవాళ్లకి మాడ్యూల్ వైపు మొగ్గు ఇంకా ఎక్కువ, ఎందుకంటే 5,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక్కో స్పార్క్‌కి మొత్తం దొరికేది 3 మిల్లీసెకన్లు, పాయింట్లు అందులో మూడింట ఒక వంతు తెరుచుకునే ఉంటాయి, కాయిల్ నిండే సమయం చాలదు. షాఫ్ట్ ఊగుతుంటే మిగతా చర్చ అనవసరం, ముందు డిస్ట్రిబ్యూటర్.

ఏది మార్చినా టైమింగ్ లైట్‌తో, వాక్యూమ్ గొట్టం ఊడదీసి మూసి, మళ్లీ సెట్ చేయండి. మాడ్యూల్ పెట్టినవాళ్లు తీసిన పాయింట్లనీ కండెన్సర్‌నీ వాటి స్క్రూలతో సహా ఒక డబ్బాలో పెట్టి, ఒక ఫీలర్ గేజ్ కూడా వేసి డిక్కీలో ఉంచండి. బండి దారిలో ఆగిన రోజు వాటితో ఇంటికి రావచ్చు, కాయిల్ 3 ఓమ్‌లదే ఉంచుకుంటే, లేదా బాలాస్ట్‌ని తీసేయకుండా అలాగే ఉంచితే.